పళ్ళు బిగిస్తే కన్ను మూసుకుంది

“పళ్ళు బిగించమ్మా.”

“బిగించినాను బాబూ.”

“ఇంకా గట్టిగా. దవడ నొప్పెట్టాలి.”

ఆమె బిగించింది. ఆకుపచ్చ గుడ్డ మధ్యలోంచి కనిపిస్తున్న ఎడమ కన్ను, ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ తెరుచుకునే ఉన్న కన్ను, సగం దాకా మూతపడి ఆగింది. డాక్టరు చేతిలో సన్నటి తెల్లటి పట్టీ చివరలు రెండున్నాయి. ఒకటి పైరెప్ప లోపలి నుంచి, ఇంకొకటి కింది రెప్ప లోపలి నుంచి వచ్చి ముక్కు మొదట్లో బయటపడ్డాయి. వాటిని ఇంకాస్త లాగి పట్టుకుని, “వదిలెయ్యి” అన్నాడు. దవడ సడలింది. కన్ను తెరుచుకుంది.

“మళ్ళీ బిగించు.”

ఈసారి రెప్పలు రెండూ కలిశాయి. డాక్టరు సూది అందుకున్నాడు. ఆ బిగువు దగ్గరే కుట్టు వేయాలి. ఎక్కువ లాగితే కన్ను తెరుచుకోదు, తక్కువైతే మూసుకోదు. ఆమెకు పూర్తి మత్తు ఇవ్వకుండా, కణత దగ్గర, రెప్పల దగ్గర మాత్రమే తిమ్మిరి సూది ఇవ్వడం అందుకే. ఈ ఆపరేషన్‌లో కొలబద్ద రోగి పళ్ళే.

ఈమె పేరు నేను రాయను. నిజం చెప్పాలంటే ఈమె ఒక్క మనిషి కాదు. కుష్టు వైద్యులు రాసి పెట్టిన శస్త్రచికిత్స పద్ధతిని, ఆ రోగం మనిషి ముఖాన్ని ఎలా మారుస్తుందో చెప్పే వైద్యాన్ని దగ్గర పెట్టుకుని, ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇలా బతికిన ఎందరినో కలిపి కట్టిన మనిషి. ఊరు పొందూరు దగ్గర అనుకుందాం. ఆసుపత్రి మాత్రం ఊహ కాదు. సాలూరులో ఉన్న ఫిలడెల్ఫియా కుష్టు ఆసుపత్రి ఇటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ, ఘాటు రోడ్డు దిగి వచ్చే ఒడిశా పల్లెల నుంచీ రోగులను చేర్చుకున్న చోటు. సాలూరు 1979 జూన్ 1 దాకా శ్రీకాకుళం జిల్లా, తర్వాత విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. జిల్లా పేరు మారింది గానీ అక్కడికి ఏ రోగంతో వెళ్తారో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. సాలూరు ఆసుపత్రికి వెళ్ళొచ్చానని పైకి చెప్పుకున్న వాళ్ళు తక్కువ.

పొందూరు ఖద్దరుకు పత్తి ఏకే పని చేతుల్తోనే జరుగుతుంది. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా పెట్టి గింజ చుట్టూ ఉన్న దూదిని దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్ళు దూదిలోని నలుసునూ చెత్తనూ ఏరేస్తాయి. గాలిలో పీచు లేస్తూనే ఉంటుంది. మామూలు మనిషి నిమిషానికి పదిహేను సార్లో ఇంకాస్త ఎక్కువో రెప్ప వేస్తాడు కాబట్టి ఆ పీచు కంట్లో నిలవదు. ఈమె కన్ను రెప్ప వేయదు. పీచు పడ్డా తెలియదు, ఎందుకంటే నల్లగుడ్డు మీద స్పర్శ కూడా పోయింది. సాయంత్రానికి కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతుంటే ఇంట్లో వాళ్ళు చూసి చెప్పాలి.

“ఏటమ్మా, కంట్లో దూదుంది.”

“నాకేటీ తెలీడం నేదే.”

ఆమెకు మొదట వచ్చింది చెంప మీద ఒక మచ్చ. దురద లేదు, నొప్పి లేదు. గిల్లినా తెలియదు. అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. చర్మరోగాలకూ కంటిజబ్బులకూ ఆ స్వామిని నమ్ముకోవడం ఈ ప్రాంతంలో తరతరాల అలవాటు. అక్కడి నుంచి కొద్ది దూరంలోనే శ్రీకూర్మం. 16వ శతాబ్దం మొదట్లో దక్షిణ యాత్రకు వచ్చిన చైతన్య మహాప్రభువు ఆ ఊళ్ళో వాసుదేవుడనే కుష్టు రోగిని కౌగిలించుకున్నాడని కృష్ణదాస కవిరాజు ‘చైతన్య చరితామృతం’లో రాశాడు. పుండులోంచి పురుగు జారి కింద పడితే వాసుదేవుడు దాన్ని తీసి మళ్ళీ పుండులోనే పెట్టుకునేవాడట. కౌగిలితో రోగం పోయి అందమైన దేహం వచ్చాక అతను సంతోషించడానికి బదులు భయపడ్డాడు. ఇన్నాళ్ళూ నన్ను చూసి జనం పారిపోయేవారు, ఇకమీద నాకు గర్వం వస్తుందేమో అన్నాడు. నాకు ఆ కథలో అన్నిటికన్నా నిజంగా తోచేది ఈ మాటే. రోగం పోవడం వేరు, నలుగురి కళ్ళలో మనిషి మారడం వేరు అని అయిదు వందల ఏళ్ళ కిందటి ఆ రోగికి తెలుసు.

మన కాలంలో ఆ మొదటి పని మాత్రలు చేశాయి. రోగకారక క్రిమిని నార్వేలో హాన్సెన్ 1873లోనే కనిపెట్టినా, దాన్ని చంపే డాప్సోన్ 1940లలో గానీ రాలేదు. గాంధీ స్మారక కుష్టు నివారణ ఫౌండేషన్ మన ప్రాంతంలో చిలకలపల్లిలో కేంద్రం పెట్టుకుని ఇంటింటి సర్వే, ప్రచారం, చికిత్స అనే మూడు పనులనూ కలిపి చేసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకటికి మించి మందులు కలిపి వాడమంది. 1983లో జాతీయ కుష్టు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. రోగం తీవ్రంగా ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఆ బహుళౌషధ చికిత్స తొలి విడతల్లోనే వచ్చింది. మన మనిషి కూడా ఆ మాత్రలు మింగింది. వాటిలో ఒకటి, క్లోఫాజిమిన్, చర్మాన్ని నల్లబరుస్తుంది. అది కూడా ఓర్చుకుంది. క్రిమి చచ్చింది. ఆమె వల్ల ఇక ఎవరికీ అంటుకోదని కాగితం మీద రాసిచ్చారు.

కానీ ఆ కాగితాన్ని నుదుటికి అంటించుకుని తిరగలేదు కదా. ముఖం మాత్రం పాత కబురే చెబుతోంది. కనుబొమలు రాలిపోయాయి. చెవి తమ్మెలు సాగి వేలాడుతున్నాయి. నలభై దాటకుండానే చెంపలు డెబ్భై ఏళ్ళ ముసలమ్మకు జారినట్టు జారాయి. ఈ రోగం ముదిరిన రకంలో క్రిములు ముఖచర్మంలో కోట్లకు కోట్లు చేరి చర్మాన్ని ఉబ్బిస్తాయి. వైద్యులు దాన్ని సింహముఖం అంటారు. మందులకు ఆ ఉబ్బు దిగుతుంది. ఈలోగా చర్మానికి సాగి మళ్ళీ దగ్గరపడే గుణాన్నిచ్చే పీచు నాశనమైపోతుంది. అందుకే నయమైన మనిషి ఉన్నట్టుండి ముసలిదైపోయినట్టు కనిపిస్తుంది. పెళ్ళీడు కూతురున్న ఇంట్లో ఈ ముఖానికి ఎంత ఖరీదు పడుతుందో చెప్పనక్కర్లేదు.

“నానీ గదిలోనే ఉంటాను. ఆళ్ళొచ్చి ఎల్లిపోయినాక తలుపు తియ్యండి” అనేది పెళ్ళిచూపుల రోజున.

ఇంతకీ ఆ కన్ను ఎందుకు మూతపడదు? దీనికి ముఖం లోపలికి వెళ్ళాలి.

ఒంట్లో కండరాలు సాధారణంగా ఒక ఎముక దగ్గర మొదలై ఇంకో ఎముక మీద ముగుస్తాయి. అవి ముడుచుకుంటే కీలు కదులుతుంది. ముఖంలో హావభావాలు పలికించే కండరాలు అలా కాదు. ఎక్కువ భాగం ఎముక మీదో లోపలి పొర మీదో మొదలై నేరుగా చర్మంలోకి అల్లుకుపోతాయి. అందుకే అవి కదిలితే ముఖమే కదులుతుంది. నుదురు పైకెత్తేది ఫ్రంటాలిస్. కంటి చుట్టూ వలయంగా ఉండి రెప్పలు మూసేది ఆర్బిక్యులారిస్ ఆక్యులై. చెంప ఎముక నుంచి పెదవి మూలకు దిగి నవ్వు తెప్పించేది జైగోమాటికస్. మెడ మీద పలచగా పరుచుకుని దవడ దాటి వచ్చేది ప్లాటిస్మా. వీటన్నిటికీ ఆజ్ఞలిచ్చేది ఒకే నాడి, ఏడో కపాలనాడి. అది చెవి వెనక ఎముకలోంచి బయటికి వచ్చి, చెవి ముందున్న లాలాజల గ్రంథిలో అయిదు ప్రధాన శాఖలుగా విడిపోయి ముఖమంతా పరుచుకుంటుంది.

కుష్టు క్రిమికి చల్లదనం ఇష్టం. ఒంట్లో లోతుగా, వెచ్చగా ఉన్న చోట్ల అది నిలవలేదు. ముక్కు, చెవులు, చెంపలు, మోచేతి వెనక నాడి లాంటి గాలి తగిలే చోట్లే దాని కాపురం. ఏడో నాడి శాఖలు చెంప ఎముకను దాటే చోట చర్మానికి మరీ దగ్గరగా ఉంటాయి. క్రిమి దెబ్బ అక్కడ పడుతుంది. కన్ను మూసే కండరానికి ఆజ్ఞ ఆగిపోతుంది. కన్ను తెరిచే కండరానికి వచ్చేది వేరే నాడి, మూడోది, అది కంటిగూటి లోపల భద్రంగా ఉంటుంది. అంటే తెరిచేవాడు బతికున్నాడు, మూసేవాడు పడిపోయాడు. మూయాలని ప్రయత్నించినప్పుడు కనుగుడ్డు సహజంగా పైకి తిరుగుతుంది, రెప్ప మాత్రం దిగదు, తెల్లగుడ్డు బయటపడుతుంది. ఊళ్ళో పిల్లలు ఆమెను చూసి జడుసుకున్నది దీనికే. పిల్లల భయం సంగతి అలా ఉంచినా, ఆరిపోయిన కన్ను పుండు పడుతుంది, పుండు పడ్డ కన్ను చూపు పోగొట్టుకుంటుంది. స్పర్శ పోయిన చేతులకు చూపే ఆధారం. అది కూడా పోతే మనిషికి ఏం మిగులుతుంది?

ఇప్పుడు మీ కణత మీద రెండు వేళ్ళు పెట్టి పళ్ళు బిగించండి. వేళ్ళ కింద ఉబ్బేది టెంపొరాలిస్. నమలడానికి ఉన్న కండరం. విసనకర్రలా కణతంతా పరుచుకుని, చెంప ఎముక వంతెన కిందినుంచి దూరి కింది దవడకు అంటుకుంటుంది. దీనికి ఆజ్ఞలు ఏడో నాడి నుంచి రావు, అయిదో నాడి నుంచి వస్తాయి. ఆ శాఖ లోతుగా, వెచ్చగా నడుస్తుంది. కుష్టు దాని జోలికి పోదు. నల్లగుడ్డుకు స్పర్శనిచ్చే శాఖ కూడా ఈ అయిదో నాడిదే. ఒక శాఖ మొద్దుబారినా మరో శాఖ చెక్కుచెదరకుండా ఉండటం ఈ రోగులకు దక్కిన అదృష్టం.

ఆ కండరంలో కొంత భాగాన్ని కిందికి తిప్పి, మొదట చూసిన తెల్లటి పట్టీలతో రెప్పలకు కలిపి, కంటికి అప్పగిస్తే? ఈ ఆలోచన 1934లో హెరాల్డ్ గిల్లీస్ రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు మళ్ళీ ముఖాలు కట్టిన బ్రిటన్ సర్జన్ ఆయన. ఆయన దగ్గర పనిచేసి స్వదేశానికి తిరిగొచ్చిన నొషీర్ అంటియా పుణె దగ్గర కొంధ్వాలో కుష్టు రోగులకు ఆపరేషన్లు మొదలుపెట్టాడు. కుష్టు రోగి మీద కత్తి పెట్టడానికే వైద్యులు జంకే రోజులవి. వెల్లూరులో పాల్ బ్రాండ్ అప్పటికే 1940ల చివర్లో కుష్టు చేతులకు శస్త్రచికిత్స చేసి చూపించాడు. 1960ల్లో అంటియా, జాన్సన్, అండర్సన్ లాంటివాళ్ళు గిల్లీస్ పద్ధతిని కుష్టు కంటికి తగినట్టు దిద్దారు. సాలూరు బల్ల మీద “పళ్ళు బిగించమ్మా” అన్న మాటకు వెనక ఇంత దూరం ఉంది.

అంటియా మరో పని కూడా చేశాడు. జారిపోయిన కుష్టు ముఖాలకు ఫేస్‌లిఫ్ట్ చేశాడు.

ఫేస్‌లిఫ్ట్ అనగానే మనకు సినిమా తారలు, డబ్బున్నవాళ్ళు గుర్తొస్తారు. పుట్టింది కూడా అక్కడే. 1901లో బెర్లిన్‌లో హోలాండర్ అనే సర్జన్ పోలండ్ దొరసాని ఒకావిడ కోరితే చెవుల దగ్గర చర్మం కోసి బిగించాడని చెబుతారు. తర్వాత డెబ్భై ఏళ్ళపాటు ఎక్కువమంది సర్జన్లు చేసింది ఆ పనే, చర్మం లాగడం, మిగిలింది కోయడం. కొంతకాలానికి మళ్ళీ జారేది. నవారు సడలిన మంచం మీద దుప్పటి బిగించి లాగితే గుంట పోతుందా? 1974లో స్వీడన్ సర్జన్ స్కూగ్ చర్మంతోపాటు కింది పొరను కూడా కలిపి ఎత్తాడు. 1976లో పారిస్‌లో మిట్జ్, పెరోనీ ఇద్దరూ శవాల ముఖాలు పొరపొరగా విప్పి చూసి ఆ నవారు ఏమిటో తేల్చారు. చర్మం కింద కొవ్వు, దాని కింద ముఖకండరాలన్నిటినీ కలిపి పట్టుకుని ఉన్న ఒక పొర. నుదుటి కండరం నుంచి మెడ మీది ప్లాటిస్మా దాకా అది అల్లుకుని ఉంది. దానికి ‘స్మాస్’ అని పేరు పెట్టారు. బిగించాల్సింది దాన్ని. అది బిగిస్తే చర్మం మీద బరువు పడదు, కుట్టు సాగదు, నవ్వు వంకర పోదు.

అయితే ఆ పొర కిందే నాడి శాఖలున్నాయి. సర్జన్ భయమంతా అక్కడే. నుదుటికి వెళ్ళే శాఖ దారిని బ్రెజిల్ సర్జన్ ఈవో పితాంగీ 1966లో గీత గీసి చూపించాడు. చెవి రంధ్రం ముందున్న బుడిపెకు అర సెంటీమీటరు కింద మొదలై, కనుబొమ చివరకు ఒకటిన్నర సెంటీమీటర్లు పైగా పోయే గీత. దాని మీద కత్తి పడితే కనుబొమ మళ్ళీ లేవదు. ధనవంతురాలి ముఖం మీద సర్జన్ చేయి వణికేదీ, పేదరాలి ముఖం మీద కుష్టు క్రిమి కాటేసేదీ దాదాపు ఒకే మేరలో, చెంప ఎముక మీద నాడి పైకి తేలే ఆ కొద్దిపాటి చోట.

మన మనిషికి కన్ను కుదురుకున్నాక, కొన్ని నెలలకు, రెండో ఆపరేషన్. కణత జుట్టులో మొదలుపెట్టి చెవి ముందునుంచి దిగి, తమ్మె కిందుగా తిరిగి, చెవి వెనకకు గాటు. చర్మం లేపి వెనక్కీ పైకీ సర్ది, మిగిలింది తీసేయడం. ఆమె చర్మానికి దగ్గరపడే గుణం లేదు గనక మిగిలేది కూడా ఎక్కువే. సాగిన తమ్మెల్లోంచి ఒక ముక్క తీసి కుట్టడం. కనుబొమలకు తల మీది జుట్టున్న చర్మాన్నే సన్నటి పట్టీగా తీసుకుని అతకడం, లేదా కణత దగ్గరి రక్తనాళంతో సహా దాన్ని చర్మం కిందినుంచి కనుబొమ చోటుకు తేవడం. తల జుట్టు కదా, కనుబొమగా మారినా పెరుగుతూనే ఉంటుంది. కత్తిరించుకుంటూ ఉండాలి.

“కనుబొమ్మలకి క్షవరం సెయ్యాలా?” అని ఆమె నవ్వి ఉంటుంది. నవ్వినప్పుడు పెదవి మూలలు రెండూ సమంగా లేచాయా లేదా అని డాక్టరు చూసి ఉంటాడు. నవ్వే కండరానికి వెళ్ళే శాఖ భద్రంగా ఉందనడానికి అదే రుజువు.

దీన్ని సోకు అనేవాళ్ళుంటే నేను ఒప్పుకోను. ఎవరి వయసు వాళ్ళు దాచుకోవడం వాళ్ళ ఇష్టం. ఈమె దాచుకున్నది వయసు కాదు. తన తప్పు లేకుండా ముఖాన పడ్డ ముద్రను చెరిపించుకుంది. ఆమె కోరింది అందం కాదు, బస్సెక్కితే ఎవరూ తిరిగి చూడని ముఖం. మన చట్టం కూడా ఆ ముద్రను ఎంతకాలం మోయించిందో చూడండి. రోగులను విడిగా ఉంచే 1898 నాటి లెపర్స్ చట్టం రద్దయింది 2016లో. భార్యకో భర్తకో కుష్టు ఉందని విడాకులు అడిగే వీలు తొలగింది 2019లో. దేశమంతటి లెక్కలో కుష్టు ప్రజారోగ్య సమస్య కాదని తేలింది 2005 డిసెంబరు నాటికి. అంటే రోగం సమస్య కాదన్నాక కూడా పదమూడేళ్ళకు పైగా రోగిని వదిలించుకునే హక్కు పుస్తకాల్లో ఉంది. చట్టాలే ఇంత ఆలస్యం చేస్తే ఊరి కళ్ళు మారేదాకా ఆగమని ఆమెకు ఎవరు చెప్పగలరు?

కన్ను ఆపరేషన్ జరిగాక సుమారు మూడు వారాలు జావ, మెత్తటి అన్నం. గట్టిగా నమిలితే కుట్టు తెగుతుంది. ఆ తర్వాత అద్దం ముందు కూర్చోబెట్టి పాఠం మొదలవుతుంది. పళ్ళు బిగించు, కన్ను మూసుకుంటుంది. వదులు, తెరుచుకుంటుంది. పదిసార్లు, కాస్త ఆగి మళ్ళీ పదిసార్లు. మనకు రెప్ప తనంతట తనే పడుతుంది. ఆమె మాత్రం గుర్తుపెట్టుకుని వేయాలి. గోడ మీది గడియారం చూసినప్పుడల్లా బిగించు, గుమ్మం దాటినప్పుడల్లా బిగించు, అని ఫిజియోథెరపీ అక్క గుర్తులు పెట్టిస్తుంది.

అన్నం తింటుంటే మాత్రం గుర్తులు అక్కర్లేదు. నమిలినప్పుడల్లా ఎడమ కన్ను దానంతటదే మూసి తెరుస్తుంది.

“తింతంటే కన్ను కొడతన్నానని మా ఆయన నవ్వుతున్నాడమ్మా.”

“నవ్వనీ. నువ్వు రాత్రి పడుకునేటప్పుడు మూసుకుంటోందా?”

“కొంచెం సందుంది.”

అక్క చిన్న స్కేలు పెట్టి ఆ సందును మిల్లీమీటర్లలో కొలిచి కాగితం మీద రాసుకుంటుంది. నిద్రలో దవడ సడలుతుంది, కన్ను కూడా కాస్త సడలుతుంది. పడుకునే ముందు మందు చుక్క వేసుకోవాలి, తడి గుడ్డ కప్పుకోవాలి. పత్తి ఏకేటప్పుడు అద్దాలు పెట్టుకోవాలి. ఈ ఆపరేషన్ కన్నును కొత్తది చేయదు, కాపాడే పని ఆమె చేతికి ఇస్తుంది. విజయనగరంలో లెప్రసీ మిషన్ వాళ్ళ వృత్తి శిక్షణ కేంద్రం ఉంది. రోగం సోకిన కుటుంబాల కుర్రాళ్ళకూ అమ్మాయిలకూ అక్కడ పని నేర్పుతారు. కూతుర్ని అక్కడికి పంపితే బాగుంటుందని అక్క చెబితే ఆమె తలూపింది. తన సంగతి మాత్రం వేరు. తనకు వచ్చిన పని ఒకటే.

డిశ్చార్జి చీటీ రాస్తున్న డాక్టరు ముందు ఆమె కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. మోచేతి వెనక నాడి దెబ్బతిన్న గుర్తు. దీనికి కూడా ఆపరేషన్ ఉంది, పని చేస్తున్న ఒక వేలి స్నాయువును పని చేయని వేళ్ళకు పంచడం, వెల్లూరులో బ్రాండ్ మొదలుపెట్టిన దారి.

“మొకం సరే బాబూ, ఈ వేళ్ళ సంగతేటి? సాగితే నూలు వడుక్కుంటాను.”

“చెయ్యొచ్చు. ముందు కొన్నాళ్ళు వ్యాయామం చెయ్యాలి. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు కట్టు, ఆ తర్వాత మళ్ళీ పాఠాలు.”

“సంకురాత్రికి ముందే అయిపోద్దా?”